యాసిడ్‌ను అడగాల్సిన ప్రశ్నలు

జాతీయ రహదారి మీద ప్రయాణించేటప్పుడు, రసాయనాలు మోసే ట్యాంకర్లకు వెనకా పక్కలా ఒక పలక బిగించి ఉండటం చూస్తుంటాం. లోపల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటే ఆ పలక మీద 1830 అనే సంఖ్య, 2పీ అనే సంకేతం, నలుపు తెలుపుల్లో వజ్రాకారపు బొమ్మ ఉంటాయి. బొమ్మలో రెండు గాజు గొట్టాల్లోంచి ద్రవం కారుతుంటుంది. ఒక ధార లోహపు ముక్క మీద, రెండో ధార మనిషి చేతి మీద పడుతుంటుంది. 51 శాతానికి మించిన సల్ఫ్యూరిక్ ఆమ్లానికి ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం కేటాయించిన సంఖ్య 1830. 2పీ అన్నది అగ్నిమాపక సిబ్బందికి ఇచ్చే ఆదేశం: నీటిని సన్నని తుంపరగా వాడండి, ఉధృతమైన చర్య జరగవచ్చు, ఒంటిని పూర్తిగా కప్పే రక్షణ దుస్తులు వేసుకోండి, ఒలికినదాన్ని పలచన చేయవచ్చు. ఇంత సమాచారం ఒక అంకెలో, ఒక అక్షరంలో ఇమిడి ఉంది.

యాసిడ్ ప్రమాదకరమని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ ఒక్క మాటతో ఎవరి పనీ జరగదు. ట్యాంకు మీద వెల్డింగ్ చేయబోయే కార్మికుడికి కావలసింది ఒక సమాచారం, కంట్లో చుక్క పడిన మనిషికి వైద్యం చేసే డాక్టరుకు కావలసింది ఇంకొకటి. ఇరవై ఏళ్లుగా బ్యాటరీల చార్జింగ్ గదిలో పనిచేస్తున్న వాడి గొంతు గురించి అడగాల్సింది మరొకటి. ప్రమాదం అనే పెద్ద ముద్దను చిన్న చిన్న ప్రశ్నలుగా విడగొట్టి, ప్రతిదానికీ పరీక్షించి చూడగలిగే జవాబు వెతకడమే వర్గీకరణ శాస్త్రం చేసే పని. దేన్ని పాడు చేస్తుంది? ఏ దారిన? ఎంతసేపట్లో? ఎంత గాఢతలో? ఈ ప్రశ్నలకు విడివిడిగా జవాబులు దొరికాకే జాగ్రత్త అనే మాటకు అర్థం వస్తుంది.

అన్నిటి వెనకా ఉన్న ఆమ్లం

ఉదాహరణకు సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నే తీసుకోవడానికి కారణం ఉంది. ప్రపంచంలో అతి ఎక్కువగా తయారయ్యే పారిశ్రామిక రసాయనాల్లో ఇదొకటి. ఏటా 25 కోట్ల టన్నులకు పైగా ఉత్పత్తి అవుతోంది. అందులో సగానికి పైగా ఎరువుల తయారీకే పోతుంది. రాతి ఫాస్ఫేటును ఈ ఆమ్లంతో చర్య జరిపితే ఫాస్ఫారిక్ ఆమ్లం వస్తుంది. దాన్ని అమ్మోనియాతో కలిపితే మన రైతు బస్తాల్లో కొనే డీఏపీ వస్తుంది. కారులోని బ్యాటరీలోనూ, ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉన్న బ్యాటరీలోనూ ఉండేది ఇదే ఆమ్లం.

దీనికి గట్టి గుణాలు మూడు. నీటిలో బలమైన ఆమ్లంగా విడిపోతుంది. గాఢంగా ఉన్నప్పుడు ఇతర పదార్థాల్లోంచి నీటిని లాగేసుకుంటుంది. పంచదార మీద పోస్తే, పంచదార అణువుల్లోని హైడ్రోజన్, ఆక్సిజన్‌లను నీటి రూపంలో లాగేసి నల్లటి బొగ్గును మిగులుస్తుంది. ఇక మూడోది, నీటితో కలిసేటప్పుడు విపరీతంగా వేడి పుట్టిస్తుంది. 98 గ్రాముల స్వచ్ఛమైన ఆమ్లం సమృద్ధిగా ఉన్న నీటిలో కరిగితే సుమారు 95 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. పావు లీటరు నీటిని గది వేడి నుంచి మరిగే దాకా తేవడానికి అంతకంటే తక్కువే చాలు. చర్మం మీద గాఢ ఆమ్లం పడితే ఈ మూడూ ఒకేసారి పనిచేస్తాయి. అందుకే ఆ గాయంలో రసాయనపు కాటూ ఉంటుంది, వేడి కాల్పూ ఉంటుంది.

ఒకే డబ్బాకు పది రకాల లేబుళ్లు

1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు నాటికి ఒక్కో దేశం రసాయనాలను ఒక్కో తీరులో వర్గీకరించేది. ఒక దేశంలో విషమని ముద్ర పడిన డబ్బా ఓడెక్కి ఇంకో దేశంలో దిగేసరికి కేవలం హానికరం అనిపించుకునేది. రవాణా నిబంధనలు ఒకటి చెబితే కార్మిక నిబంధనలు ఇంకొకటి చెప్పేవి. ఈ గందరగోళం పోవాలని ఆ సదస్సు తీర్మానించింది. ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 2002 డిసెంబరులో ఒక ఉమ్మడి పద్ధతికి ఆమోదం తెలిపింది. 2003లో అది పుస్తకంగా వెలువడింది. పొడి అక్షరాల్లో దాని పేరు జీహెచ్ఎస్. రెండేళ్లకోసారి దాన్ని సవరిస్తుంటారు.

ఈ పద్ధతిలో భౌతిక ప్రమాదాలకు 17 తరగతులు, ఆరోగ్య ప్రమాదాలకు 10 తరగతులు ఉన్నాయి. పర్యావరణానికి సంబంధించినవి వేరు. పేలుతుందా, అంటుకుంటుందా, గాలి తగిలితే మండుతుందా, ఒత్తిడిలో ఉన్న వాయువా, లోహాన్ని తింటుందా అన్నవి మొదటి వరసలోని ప్రశ్నలు. మింగితే చంపుతుందా, చర్మాన్ని కాలుస్తుందా, కంటిని పాడు చేస్తుందా, అలర్జీ తెస్తుందా, క్యాన్సర్ తెస్తుందా, గర్భానికి హాని చేస్తుందా అన్నవి రెండో వరసలోనివి.

ఇవన్నీ పదార్థం స్వభావానికి సంబంధించిన ప్రశ్నలు. బిగించిన డ్రమ్ములో ఉన్నా, తెరిచిన బకెట్‌లో ఉన్నా ఆమ్లం వర్గీకరణ మారదు. మనిషికి ముప్పు ఎంత అన్నది మాత్రం మూత ఎలా ఉంది, చేతికి గ్లౌజులున్నాయా, గదిలో గాలి ఆడుతోందా అన్నదాన్ని బట్టి మారుతుంది. స్వభావాన్ని మార్చడం మన చేతుల్లో లేదు, ముప్పును తగ్గించడం ఉంది. మొదటిది సరిగా తెలియకుండా రెండోది చేయలేం.

లోహానికి ఏం చేస్తుంది?

సల్ఫ్యూరిక్ ఆమ్లం తనంత తాను అంటుకోదు, పేలదు. భౌతిక ప్రమాదాల వరసలో దాదాపు అన్ని ప్రశ్నలకూ లేదనే జవాబు వస్తుంది. అవునని వచ్చే ప్రశ్న లోహ క్షయం.

ఆ జవాబు రాబట్టే పరీక్ష సాదాసీదాగా ఉంటుంది, కచ్చితంగానూ ఉంటుంది. 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు, అల్యూమినియం బిళ్లలను తూచి, 55 డిగ్రీల దగ్గర కనీసం వారం రోజులు ఆ రసాయనంతో ఉంచుతారు. ఒక బిళ్లను పూర్తిగా ముంచుతారు, ఒకదాన్ని సగం ముంచుతారు, మూడోదాన్ని ద్రవానికి పైన ఆవిరిలో వేలాడదీస్తారు. చాలాసార్లు ద్రవమట్టం దగ్గరో, ఆవిరిలోనో క్షయం ఎక్కువగా ఉంటుంది కాబట్టి మూడు చోట్లా చూడాల్సిందే. వారం తర్వాత కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూస్తారు. బరువు 13.5 శాతానికి మించి తగ్గితే, ఏడాదికి 6.25 మిల్లీమీటర్ల చొప్పున లోహం కరిగిపోతున్నట్టు లెక్క. రెండు లోహాల్లో ఒక్కటి ఈ హద్దు దాటినా ఆ రసాయనం క్షయకారి కిందికి వస్తుంది. మొత్తంగా బరువు తగ్గకపోయినా ఒకచోట సూదితో గుచ్చినట్టు లోతైన గుంటలు పడితే దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. ట్యాంకుకు చిల్లు పడటానికి ఒక్క గుంట చాలు కదా.

98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కర్మాగారాల్లో మామూలు ఉక్కు ట్యాంకుల్లోనే నిలవ చేస్తారు. ఆమ్లం మొదట కాస్త ఇనుమును తిని, ఆ చర్యలో పుట్టిన ఐరన్ సల్ఫేటును గోడ మీద పొరగా పేరుస్తుంది. గాఢ ఆమ్లంలో ఆ పొర కరగదు, కిందున్న ఉక్కుకు అదే కాపలా కాస్తుంది. గాలిలోని తేమ లోపలికి చొరబడి ఆమ్లం పలచబడితే మాత్రం ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు ఉక్కు వేగంగా తరిగిపోవడమే కాక హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, హైడ్రోజన్‌కు మండే గుణం వస్తుంది. ఆమ్లం గాఢత తగ్గితే ప్రమాదమూ తగ్గుతుందని అనుకునేవాళ్లు ఆలోచించాల్సిన విషయం ఇది.

2001 జులై 17న అమెరికాలోని డెలావేర్ సిటీ చమురుశుద్ధి కర్మాగారంలో జరిగింది ఇలాంటిదే. వాడేసిన సల్ఫ్యూరిక్ ఆమ్లం నిలవ చేసే ట్యాంకులకు అప్పటికే తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. ఆ ఆమ్లంలో చమురు పదార్థాలు కలిసి ఉండటంతో మండే ఆవిర్లు పుట్టేవి. ట్యాంకుల పైన ఉన్న నడక వంతెనను కార్మికులు మరమ్మతు చేస్తుండగా నిప్పురవ్వ ఆ ఆవిర్లను చేరింది. ఒక ట్యాంకు పేలిపోయింది. ఒక కార్మికుడు చనిపోయాడు, ఎనిమిది మంది గాయపడ్డారు. ఆమ్లానికి మండే గుణం లేదన్న ఒక్క జవాబు చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. లోహాన్ని తింటుందన్న జవాబును పట్టుకుని, ఆ తిన్న చోట ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలి.

చర్మానికి ఎంతసేపట్లో?

చర్మం విషయంలో వర్గీకరణ అంతా గడియారం మీద నడుస్తుంది. పై పొరను దాటి లోపలి పొర దాకా కణాలు చచ్చిపోయి, మళ్లీ యథాస్థితికి రాలేని గాయమైతే దాన్ని క్షయం అంటారు. రసాయనం 3 నిమిషాలు, లేదా అంతకంటే తక్కువ సేపు తాకినా, గంటలోపు అలాంటి గాయం కనబడితే అది 1ఏ, అన్నిటికంటే తీవ్రమైనది. 3 నిమిషాల నుంచి గంట దాకా తాకితేనే గాయమైతే 1బీ. గంట నుంచి 4 గంటల దాకా పడితే 1సీ. నయమయ్యే మంట, ఎరుపు మాత్రమే వస్తే అది క్షయం కాదు, చికాకు కలిగించేది మాత్రమే. దానిది 2వ వర్గం.

యూరప్ నిబంధనల ప్రకారం సల్ఫ్యూరిక్ ఆమ్లం 15 శాతం, ఆపైన ఉంటే 1ఏ. 5 నుంచి 15 శాతం లోపు చర్మానికి, కంటికి చికాకు కలిగించేది. ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండే ఆమ్లం బరువులో సుమారు మూడో వంతు. అంటే మన హాల్లో ఒక మూలన ఉన్న పెట్టెలోనిది కూడా అతి తీవ్రమైన వర్గానికి చెందినదే. చార్జింగ్ అయ్యేటప్పుడు దాన్నుంచి హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి బ్యాటరీని గాలి ఆడే చోట పెట్టాలి. డిస్టిల్డ్ వాటర్ పోసేటప్పుడు కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకోవడం అతిజాగ్రత్త ఏమీ కాదు.

ఈ నిమిషాల లెక్క ఒకప్పుడు కుందేళ్ల చర్మం మీద తేల్చేవాళ్లు. 1944లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ శాస్త్రవేత్త జాన్ డ్రేజ్ సహచరులతో కలిసి రూపొందించిన పద్ధతి అది. మూగజీవాలకు అది నరకం. ఇప్పుడు దాని స్థానంలోకి మంచి పద్ధతి వచ్చింది. మనుషుల చర్మకణాలను ప్రయోగశాలలో పెంచి, రూపాయి బిళ్ల కంటే చిన్న పొరగా తయారుచేస్తారు. దాని పైభాగం అచ్చం మన చర్మంలాగే గట్టిపడి ఉంటుంది. ఒక పొర మీద రసాయనాన్ని 3 నిమిషాలు, ఇంకోదాని మీద గంట ఉంచి కడిగేస్తారు. తర్వాత పసుపుపచ్చని రంగు ద్రావణంలో పెడతారు. బతికున్న కణాలు ఆ రంగును ముదురు ఊదాగా మారుస్తాయి. చచ్చిన కణాలు మార్చలేవు. ఊదా రంగు ఎంత చిక్కగా వచ్చిందో కొలిస్తే ఎన్ని కణాలు బతికాయో తెలుస్తుంది. 3 నిమిషాల పొరలో సగం కంటే తక్కువ బతికితే ఆ రసాయనం క్షయకారి. అక్కడ సగానికి పైగా బతికినా, గంట పొరలో 15 శాతం కంటే తక్కువ మిగిలితే అప్పుడూ క్షయకారే. ఏ జీవినీ హింసించకుండా జవాబు వచ్చింది, అదీ మన చర్మానికి దగ్గరగా ఉన్న జవాబు.

పీహెచ్ 2 అయినా, అంతకంటే తక్కువైనా, 11.5 అయినా, అంతకంటే ఎక్కువైనా పదార్థాన్ని మొదటి చూపులోనే క్షయకారిగా అనుమానించమని నిబంధనలు చెబుతాయి. అయితే పీహెచ్ ఒక్కటే చూస్తే మోసపోతాం. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం రసాయనశాస్త్రం లెక్కలో బలహీనమైన ఆమ్లం. అది నీటిలో పూర్తిగా విడిపోదు. విడిపోని ఆ అణువులే చర్మంలోకి సులువుగా దిగిపోతాయి. లోపల ఫ్లోరైడ్ మన రక్తంలోని కాల్షియాన్ని బంధించేస్తుంది. కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. పలచని ద్రావణమైతే గంటల తరబడి నొప్పి కూడా తెలియకపోవచ్చు. అందుకే ఆ ఆమ్లం లేబుల్ మీద క్షయకారి గుర్తుతో పాటు విషాన్ని సూచించే పుర్రె గుర్తు కూడా ఉంటుంది. దాన్ని వాడే చోట కాల్షియం గ్లూకోనేట్ లేపనం అందుబాటులో ఉంచుకోవాలి.

కాస్టిక్ సోడాది ఇంకో దారి. ఆమ్లం తాకిన చోట ప్రొటీన్లు గడ్డకట్టి, లోతుకు పోకుండా కొంత అడ్డు పడతాయి. క్షారం కొవ్వును సబ్బుగా మార్చి, కణజాలాన్ని మెత్తబరుచుకుంటూ లోపలికి సాగిపోతుంది. కంట్లో పడితే క్షారం ఆమ్లం కంటే ఎక్కువ చేటు చేసేది అందుకే. కంటి వర్గీకరణలో అడిగే ప్రశ్న ఒకటే: 21 రోజుల్లో పూర్తిగా కోలుకుంటుందా లేదా? కోలుకోకపోతే 1వ వర్గం. చర్మాన్ని కాల్చేదని తేలిన దేన్నయినా కంటికి కూడా 1వ వర్గంగానే తీసుకుంటారు. దానికి మళ్లీ పరీక్ష అక్కర్లేదు.

మింగితే, పీలిస్తే

ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చినప్పుడు వాటిలో సగం చనిపోయే సల్ఫ్యూరిక్ ఆమ్లం మోతాదు కిలో శరీర బరువుకు 2140 మిల్లీగ్రాములు. తీవ్ర విషాల పట్టికలో 4వ వర్గం 2000 దగ్గర ముగుస్తుంది. అంటే మరణం ఒక్కటే కొలమానంగా పెట్టుకుంటే ఈ ఆమ్లం ఆఖరున ఉన్న 5వ వర్గంలోకి జారిపోతుంది. యూరప్‌లోనైతే ఆ 5వ వర్గాన్ని పాటించనే పాటించరు. మరి ఒక్క గుక్క మింగితే గొంతు, అన్నవాహిక కాలిపోతాయి కదా? ఆ నష్టాన్ని చెప్పేది విషాల పట్టిక కాదు, క్షయకారి తరగతి. ఒక పట్టికలో పేరు లేదని వదిలేస్తే ఎంత పొరపాటు జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఊపిరి విషయానికి వస్తే, గది వేడిలో ఈ ఆమ్లం పెద్దగా ఆవిరి కాదు. ప్రమాదమంతా తుంపరలో ఉంది. బ్యాటరీలు చార్జ్ చేసేటప్పుడు, లోహాలను ఆమ్లంలో కడిగేటప్పుడు పైకి లేచే బుడగలు పగిలి, కంటికి కనబడని బిందువులు గాలిలో కలుస్తాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసిన బలమైన అకర్బన ఆమ్లాల తుంపరను పనిచేసే చోట పీల్చడం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని, ముఖ్యంగా స్వరపేటికకు ముప్పు అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లో నిర్ధారించి మొదటి గ్రూపులో చేర్చింది. డబ్బాలో ఉన్న ద్రవానికి కాకుండా, గాలిలో తేలే తుంపరకు గురికావడానికి ఆ ముద్ర వేసింది. పదార్థం అదే, దారి మారింది, జవాబు మారింది.

ఓలియం అంటే సల్ఫర్ ట్రయాక్సైడ్ కరిగి ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లం. అది బయటికి వస్తే గాలిలోని తేమతో కలిసి దట్టమైన ఆమ్లపు మంచు అవుతుంది. భోపాల్ విషాదానికి ఏడాది నిండిన సమయంలో, 1985 డిసెంబరు 4న ఢిల్లీలోని శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫెర్టిలైజర్స్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు వెలువడి చుట్టుపక్కల వ్యాపించింది. తీస్ హజారీ కోర్టులో పనిచేసే ఒక న్యాయవాది దాని ప్రభావంతో చనిపోయారు. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవారు తాము ఎంత జాగ్రత్త తీసుకున్నామని చెప్పుకున్నా సరే, జరిగిన హానికి పూర్తి బాధ్యత వారిదేనని, దానికి మినహాయింపులు లేవని చీఫ్ జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం చెప్పింది. రసాయనాన్ని ప్రమాదకరమైనదని వర్గీకరించడానికి చట్టంలో ఎంత బరువుందో ఈ తీర్పు నుంచి మనకు అర్థమవుతుంది.

లేబుల్‌లో దొరకని జవాబు

ఇంత చేసినా వర్గీకరణలో కొన్ని ఖాళీలు ఉన్నాయి. నీటితో కలిస్తే మండే వాయువు వదిలే పదార్థాలకు ఒక తరగతి ఉంది. నీటితో కలిస్తే భయంకరంగా వేడెక్కి చిమ్మే పదార్థానికి మాత్రం జీహెచ్ఎస్‌లో ప్రత్యేక తరగతి లేదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం విషయంలో అత్యంత సాధారణమైన ప్రమాదం అదే. బరువైన ఆమ్లంలో నీళ్లు పోస్తే నీరు పైనే నిలిచి, కలిసిన చోటే మరిగి, ఆమ్లాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. నీటిలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా, కలుపుతూ పోయాలి. ఈ సంగతి కోసం భద్రతా సమాచార పత్రంలో స్థిరత్వం, చర్యాశీలత గురించి చెప్పే 10వ భాగం చదవాలి. అమెరికా అగ్నిమాపక సంఘం వాడే రంగుల వజ్రం గుర్తులో నీటిని సూచించే అక్షరం మీద అడ్డగీత గీసి ఇదే విషయాన్ని హెచ్చరిస్తారు.

ఆ రంగుల వజ్రం ఇంకో చిక్కు తెస్తుంది. అందులో ఆరోగ్య ప్రమాదానికి 4 అంటే అతి తీవ్రం, 0 అంటే ఏమీ లేదని అర్థం. జీహెచ్ఎస్‌లో 1వ వర్గమే అతి తీవ్రం, అంకె పెరిగే కొద్దీ తీవ్రత తగ్గుతుంది. రెండు గుర్తులూ ఒకే డ్రమ్ము మీద ఉన్నప్పుడు అంకెను తిరగేసి చదివితే పెద్ద ప్రమాదాన్ని చిన్నదిగా భ్రమపడతాం. కర్మాగారాల్లో కొత్తగా చేరిన వాళ్లకు మొదటి రోజే ఈ తేడా విప్పి చెప్పాలి.

ఆ సమాచారం ఎవరిది?

భోపాల్ తర్వాత మన దేశంలో చట్టాలు మారాయి. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, వాడుతున్న రసాయనాల ప్రమాదాలను కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ చెప్పడం యాజమాన్యం విధి అని చేర్చారు. ఆ సమాచారం అడిగి తెలుసుకునే హక్కు కార్మికుడికి ఇచ్చారు. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు 1989లో వచ్చాయి. కాగితం మీద ఇదంతా బాగుంది. పని జరిగే చోట చూస్తే, ఇంగ్లీషులో అచ్చయిన సమాచార పత్రం ఆఫీసు బీరువాలో ఫైల్లో ఉంటుంది. డ్రమ్ము మూత విప్పే కాంట్రాక్టు కార్మికుడు దాన్ని ఎన్నడూ చూడడు.

అంతకంటే దారుణం సీసా మారడం. డ్రమ్ములోంచి కేన్‌లోకి, కేన్‌లోంచి ఖాళీ మంచినీళ్ల బాటిల్‌లోకి యాసిడ్ చేరుతుంది. బాత్రూమ్ కడగడానికని కిరాణా కొట్టులో అలాంటి బాటిలే చేతికిస్తారు. లేబుల్ ఏ అడుగులోనో ఊడిపోయింది. ఇన్ని దేశాల శాస్త్రవేత్తలు, ఇన్నేళ్లు, ఇంత కచ్చితంగా రాబట్టిన జవాబులన్నీ ఒక్క బాటిల్ మార్పుతో తుడిచిపెట్టుకుపోతాయి. లోపలి ఆమ్లం స్వభావం మాత్రం చుక్క కూడా మారదు.

కాబట్టి ఇక్కడ మనం చేయగలిగింది, చేయాల్సింది స్పష్టంగానే ఉంది. ఏ రసాయనాన్నీ తాగునీటి బాటిల్‌లో పోయకూడదు, అలా పోసి అమ్మేవారి దగ్గర కొనకూడదు. వేరే డబ్బాలోకి మార్చక తప్పకపోతే పేరు, గాఢత, హెచ్చరిక గుర్తు తెలుగులో రాసి అంటించాలి. చర్మం మీదో కంట్లోనో పడితే గుడ్డలు విప్పేసి, ఆలస్యం చేయకుండా ధారగా పారే నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. మింగితే నోరు పుక్కిలించాలే తప్ప వాంతి చేయించకూడదు, వాంతి అయితే కాలిన దారే మళ్లీ కాలుతుంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు లేబుల్ ఉన్న డబ్బాను, లేదా దాని ఫొటోను తీసుకెళ్లాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లమా, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమా, కాస్టిక్ సోడానా అన్నదాన్ని బట్టి డాక్టరు చేసే వైద్యం మారుతుంది. కర్మాగారంలో పనిచేసేవారు తమ భాషలో సమాచార పత్రం కావాలని అడగాలి. అడగడం వారి హక్కు, ఇవ్వడం యాజమాన్యం బాధ్యత. డబ్బా మూత తీసే మనిషికి అర్థం కానంతవరకు ఏ వర్గీకరణా పూర్తయినట్టు కాదు.